కిల్టులు, టార్టన్ గళ్ళు నిజంగా ఐర్లండ్ సంప్రదాయమేనా?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకొని జవాబులోకి వెళతాను. డబ్లిన్‌లో మీతో పనిచేసే ఐరిష్ మిత్రుని పెళ్ళిలో పెళ్ళికొడుకు తరఫు మగవాళ్ళందరూ కిల్ట్ (నడుము నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకొనే కుచ్చిళ్ళ బట్ట) కట్టుకోవాలని నిర్ణయించి మిమ్మల్ని కూడా కట్టుకోమన్నారు. బట్టలు అద్దెకిచ్చే దుకాణంలో ఒక గళ్ళ కిల్ట్ చూపించి అది కార్క్ కౌంటీ (జిల్లా) వారి ప్రాచీన టార్టన్, అంటే వారికే చెందిన గళ్ళ వరుస, అన్నారు. మీ ఆఫీసులోని స్కాట్లండ్ మిత్రుడు ఆ మాట విని, కిల్ట్ తమదేననీ ఐర్లండ్‌కు దానితో సంబంధమే లేదనీ అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలన్నది మీ ప్రశ్న.

నేను చేనేత కుటుంబంలో పుట్టి, పాత బట్టల సంరక్షణ పనిలో చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి; అందులో కొన్నేళ్ళు ఐర్లండ్‌లోనే గడిచాయి. అందువల్ల ఏ సంప్రదాయాన్నైనా ముందు బట్ట వైపు నుంచి చూడడం నాకు అలవాటు. అలా చూస్తే మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. పాతకాలపు ఐరిష్‌వారు కిల్ట్ కట్టేవారా అన్నది మొదటిది, కట్టేవారు కారు. ఇప్పుడు ఐరిష్ సైనిక వాద్యబృందాల్లో కనిపించే గళ్ళులేని పసుపురంగు కిల్ట్ ఎక్కడిది అన్నది రెండోది. అది సుమారు నూటపాతికేళ్ళ కిందటి జాతీయోద్యమం నుంచి వచ్చింది. కౌంటీల పేరిట, ఇంటిపేర్ల పేరిట అమ్మే టార్టన్‌లు ఎంత పాతవి అన్నది మూడోది. వాటిలో చాలా భాగం 1990లలోనూ ఆ తరువాతా పుట్టినవి. కాబట్టి మీ దుకాణదారు చెప్పింది తప్పు, మీ స్కాట్లండ్ మిత్రుడు చెప్పింది సగమే ఒప్పు. ఈ మూడింటినీ విడదీయకుండా మాట్లాడడం వల్లనే ఈ విషయంలో ఇన్ని తగాదాలు వస్తున్నాయి.

మధ్యయుగాల్లో ఐర్లండ్‌లో గేలిక్ భాష మాట్లాడే స్థానిక ప్రజల ఒంటిమీద ప్రధానంగా రెండు బట్టలుండేవి. లోపల అవిసెనారతో నేసిన చొక్కా, దాని పేరు లేన్య. పైన ఉన్నితో నేసిన పెద్ద దుప్పటి, దాని పేరు బ్రాట్. లేన్య మన జుబ్బా కన్నా చాలా పొడవైనది, చాలా వదులైనది. కాలం గడిచేకొద్దీ దాని చేతులు కింద సంచిలా వేలాడేంత విశాలమయ్యాయి. నిలబడితే చీలమండల దాకా జారే ఆ చొక్కాను నడిచేటప్పుడు, పోరుకు పోయేటప్పుడు నడుముకు పటకా బిగించి, బట్టను పైకి లాగి, మోకాళ్ళ దాకా ఎగగట్టేవారు. మడిలో దిగే రైతు పంచె ఎగగట్టినట్టే అనుకోండి. లాగిన బట్ట పటకా మీద మడతలుగా వాలేది, పటకా కింద మిగిలింది కుచ్చిళ్ళుగా విచ్చుకొనేది. దానిమీద ఇనర్ అనే పొట్టి కోటు తొడిగితే, చూసేవారికి పైన కోటు, కింద మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళ లంగా ఉన్నట్టే కనిపిస్తుంది. 1581లో జాన్ డెరిక్ అచ్చువేసిన చెక్కబొమ్మల్లో ఐరిష్ కాల్బలం వారు ఇలాగే కనిపిస్తారు. మూడు వందల ఏళ్ళ తరువాత ఆ బొమ్మలను చూసినవారు అది కిల్టేనని పొరబడ్డారు. ఇందులో ఒక విశేషం ఉంది. కిల్ట్ అనే మాట గేలిక్ మాట కాదు. అది స్కాండినేవియా భాషల వైపు నుంచి వచ్చింది, దాని అసలు అర్థం బట్టను పైకి ఎగగట్టడమే. ఐరిష్‌వారు ఎగగట్టింది నిజమే గాని, ఎగగట్టిన బట్ట కిల్ట్ కాదు, చొక్కా.

ఇంతకన్నా పాత బొమ్మ ఒకటి ఉంది. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1521లో ఐర్లండ్ సైనికులనూ రైతులనూ కలంతో గీసి రంగులద్దాడు. బొమ్మ పైన వీరు ఐర్లండ్‌లోని యుద్ధవీరులని, వారి పక్కన ఉన్నవారు ఐర్లండ్ పేదలని జర్మన్‌లో రాసుకున్నాడు. పొడవైన కత్తులు, గొడ్డళ్ళు, బరువైన దుప్పట్లు, వట్టి కాళ్ళు ఆ బొమ్మలో కనిపిస్తాయి. నడుము నుంచి మోకాళ్ళ దాకా విడిగా చుట్టుకొన్న బట్ట ఒక్కరి ఒంటిమీద కూడా లేదు.

లేన్య ఎంత ముఖ్యమైనదో దానిని నిషేధించిన చట్టాలను చూస్తే తెలుస్తుంది. 1366 నాటి కిల్కెన్నీ శాసనాలు ఐర్లండ్‌లో స్థిరపడిన ఇంగ్లీషువారు ఐరిష్ వేషం వేయకూడదన్నాయి. అంటే అప్పటికే వేస్తున్నారన్నమాట. 1537లో ఎనిమిదో హెన్రీ పాలనలో వచ్చిన చట్టం మరింత వివరంగా, కుంకుమపువ్వు రంగు అద్దిన చొక్కాలు ఎవరూ వేసుకోకూడదని, ఒక చొక్కాకు ఏడు గజాలకు మించి బట్ట వాడకూడదని ఆదేశించింది. ఒక్క చొక్కాకు ఏడు గజాలు! నేతగాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి గనుక ఆ అంకె చదివిన ప్రతిసారీ ఆగిపోతాను. చట్టం అనుమతించిన గరిష్ఠ పరిమాణమే ఏడు గజాలైతే, నిషేధానికి ముందు పెద్దింటివారు ఎంత బట్టను ఒంటిమీద మోసేవారో ఊహించవచ్చు. అంత నార వడకడం, నేయడం, రంగు అద్దించడం ఆ ఇంటి సంపదకు గుర్తు. దానిని కత్తిరించడమంటే ఆ సమాజం గౌరవాన్ని కత్తిరించడమేనని పాలకులకు బాగా తెలుసు. బ్రాట్ మీద కూడా ఇదే పగ ఉండేది. కవిగా పేరుపొందిన ఎడ్మండ్ స్పెన్సర్ ఐర్లండ్‌లో ఇంగ్లీషు ప్రభుత్వ ఉద్యోగి కూడా. ఆ దుప్పటి తిరుగుబాటు చేసేవాడికి ఇల్లుగా, పక్కగా, దాపుగా పనికివస్తోందనీ, కాబట్టి దానిని మాన్పించాలనీ ఆయన 1590లలో వాదించాడు.

1601లో కిన్సేల్ యుద్ధంలో గేలిక్ ప్రభువులు ఓడిపోయారు. 1607లో ఐర్లండ్ ఉత్తరభాగమైన అల్స్టర్ ప్రభువులు దేశం విడిచి యూరప్‌కు వెళ్ళిపోయారు. 1609 నుంచి వారి భూముల్లో ఇంగ్లండ్, స్కాట్లండ్ వలసదారులను నింపారు. ఆ శతాబ్దం ముగిసేసరికి పాత వేషం దాదాపు మాసిపోయింది. ఇకముందు చెప్పబోయేది అర్థం కావాలంటే ఈ విషయం గుర్తుండాలి. ఐర్లండ్‌కు తనదైన కట్టు లేక కాదు, ఉన్న కట్టును పోగొట్టుకోవలసి రావడం వల్లనే అక్కడ ఒక ఖాళీ ఏర్పడింది.

పాతకాలపు ఐరిష్‌వారు కిల్ట్ కట్టలేదనడానికి బొమ్మల కన్నా గట్టి సాక్ష్యం వారి భాషలోనే ఉంది. లూయీ ఓ క్లేరీ అనే ఐరిష్ చరిత్రకారుడు, ఇంగ్లండ్‌తో పోరాడిన హ్యూ రో ఓ డొనెల్ జీవితాన్ని 17వ శతాబ్దపు తొలినాళ్ళలో రాశాడు. 1594లో ఓ డొనెల్‌కు తోడుగా స్కాట్లండ్ పడమటి తీరంలోని హెబ్రిడీస్ దీవుల నుంచి కూలిసైనికులు వచ్చారు. ఐరిష్ సైనికుల మధ్య వారిని చూడగానే గుర్తుపట్టగలిగేవారని చెబుతూ ఓ క్లేరీ వారి వేషాన్ని వివరించాడు: పలురంగుల మచ్చల దుప్పట్లు పిక్కల దాకా వేలాడేవి, ఆ దుప్పట్ల మీదనే నడుముకు పటకాలు బిగించేవారు. ఈ వర్ణన ఇప్పటివరకు దొరికినవాటిలో దుప్పటిని నడుముకు బిగించి కట్టే పెద్ద కిల్ట్‌కు, అంటే ఫీలే మోర్‌కు, అతి పాత వర్ణనల్లో ఒకటి. స్కాట్లండ్ కిల్ట్ చరిత్రకు మూలమైన ఆ వాక్యాలు ఒక ఐరిష్‌వాడి కలం నుంచి రావడం, అవి ఐరిష్‌వారు ఆ వేషం వేసేవారు కారని స్పష్టం చేయడం నాకు ఎప్పుడు చదివినా కొత్తగానే ఉంటుంది. రెండు సేనలూ ఒకే రకం బట్ట కట్టి ఉంటే వేషాన్నిబట్టి గుర్తుపట్టారని ఆయన రాయవలసిన అవసరమే ఉండదు.

అలాగని స్కాట్లండ్ మిత్రుని మాటను పూర్తిగా ఒప్పుకోనక్కర లేదు. స్కాట్లండ్ గేలిక్ భాష, సంస్కృతి ఐర్లండ్ నుంచి వచ్చినవే. అల్స్టర్‌కూ పడమటి స్కాట్లండ్‌కూ నడుమ ఉన్న సముద్రం అడ్డుగోడ కాదు, రోజూ పడవలు తిరిగే దారి. 16వ శతాబ్దం దాకా అక్కడి గేలిక్ ప్రజల కట్టు కూడా లేన్య, బ్రాట్‌లే. తరువాత వారు భుజాన కప్పుకొనే ఆ బ్రాట్‌నే పొడవు పెంచి, కుచ్చిళ్ళు పెట్టి, నడుముకు బిగించడం మొదలుపెట్టారు. అదే పెద్ద కిల్ట్ అయింది. 18వ శతాబ్దపు మొదటి భాగంలో భుజం మీది భాగాన్ని తీసేసి నడుము కింది భాగాన్ని మాత్రమే ఉంచుకొన్న చిన్న కిల్ట్, ఫీలే బెగ్, వాడుకలోకి వచ్చింది. మీకు అద్దెకిస్తున్నది దాని మనుమడు. వేరు ఉమ్మడిదే, ఈ కొమ్మ మాత్రం స్కాట్లండ్‌లో మొలిచింది. 1746 నాటి చట్టం స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ హైలండ్స్ వేషాన్ని నిషేధించడం, సైన్యంలోని హైలండ్ దళాలకు మాత్రం మినహాయింపునివ్వడం, 1782లో నిషేధం ఎత్తివేయడం, 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ పూనికతో నగరమంతా టార్టన్ కట్టడం, ఇవన్నీ స్కాట్లండ్ కథ. ఆ నిషేధం ఐర్లండ్‌కు వర్తించినది కాదు. కిల్ట్ కట్టినందుకు ఐరిష్‌వారిని శిక్షించారని అప్పుడప్పుడు వినిపించే మాట ఈ రెండు దేశాల చట్టాలను కలగలపడం వల్ల వచ్చింది.

ఇక టార్టన్ సంగతి. గళ్ళ బట్ట, టార్టన్ ఒకటి కావు. పడుగులో రంగుల పోగులను ఏ వరుసలో, ఏ లెక్కలో తోడుతారో పేకలో కూడా అదే వరుసను, అదే లెక్కను కొట్టుకుంటూ పోతే వచ్చే గళ్ళు టార్టన్. ఆ వరుస సాధారణంగా ఒక అంచు దాకా వెళ్ళి అద్దంలో చూసినట్టు వెనక్కి తిరుగుతుంది. రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పేక నడిచే ట్విల్ నేత కావడం వల్ల రంగులు కలిసే చోట సన్నని ఏటవాలు గీతలు పడతాయి. మన గళ్ళ లుంగీ నేసినవారికి ఇందులో అర్థంకానిది ఏమీ లేదు. ఉన్ని, మగ్గం, రెండు రంగులు ఉన్న ప్రతి దేశంలోనూ గళ్ళు పుట్టాయి. స్కాట్లండ్‌లోని ఫాల్కిర్క్ దగ్గర రోమన్ నాణేల కుండలో దొరికిన 3వ శతాబ్దపు ఉన్నిముక్కలో కూడా గళ్ళే ఉన్నాయి, అవి రంగు అద్దని సహజమైన లేత, ముదురు ఉన్నితో వేసినవి. కాబట్టి పాత ఐర్లండ్‌లో గళ్ళ బట్ట ఉండేదా అని అడిగితే తప్పకుండా ఉండేదనే చెబుతాను. ఫలానా గళ్ళు ఫలానా వంశానివి అనే కట్టుబాటు ఉండేదా అని అడిగితే దానికి ఆధారం ఒక్కటి కూడా లేదు.

ఐర్లండ్‌లో టార్టన్‌కు దొరికిన అతి మంచి సాక్ష్యం డెర్రీ కౌంటీలోని డంగివెన్ దగ్గర 1956లో బయటపడింది. పీట్ నేల, అంటే గాలి చొరని నల్లటి తడి మన్ను, ఆమ్లగుణం వల్ల ఉన్నిని శతాబ్దాల పాటు కుళ్ళకుండా కాపాడుతుంది. అవిసెనారను మాత్రం తినేస్తుంది. అందువల్ల అక్కడ చొక్కా మిగలలేదు గాని, ఒక ఉన్ని దుప్పటి, ఒక పొట్టి కోటు, ఒక జత బిగుతు లాగులు, తోలుచెప్పుల ముక్కలు దొరికాయి. వాటిని సుమారు 1600 ఆ ప్రాంతానివని అంచనా వేశారు. ఇవి ఇప్పుడు బెల్‌ఫాస్ట్‌లోని అల్స్టర్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ లాగుల ముందు నేను నిలబడినప్పుడు ముందుగా చూసింది రంగును కాదు, కత్తిరింపును. గళ్ళ బట్టను నిలువునా కాకుండా ఏటవాలుగా కత్తిరించి కాళ్ళకు కుట్టారు. నేసిన బట్ట సాగాలంటే అదే ఉపాయం. మోకాలు వంచినా పిక్క దగ్గర పట్టేయకుండా సాగుతుంది. అందుకే గళ్ళు కాలిమీద చదరాలుగా కాక వజ్రాలుగా పడతాయి. మాసికల మీద మాసికలు పడ్డాయి. కడదాకా వాడి వాడి అరగదీసిన బట్ట అది, పండుగకు దాచుకొన్నది కాదు.

ఆ గళ్ళ వరుసను ఆధారం చేసుకొనే తరువాతి కాలంలో అల్స్టర్ టార్టన్ అనే పేరుతో బట్ట నేశారు. మన్ను రంగు పట్టి గోధుమవర్ణానికి మారిన రూపం ఒకటి, అసలు రంగులు ఇలా ఉండి ఉంటాయని ఊహించి ఎరుపుతో నేసిన రూపం ఇంకొకటి. ఐర్లండ్ పేరుతో అమ్మే టార్టన్‌లలో నేలలోంచి తీసిన బట్టతో సూటిగా సంబంధం ఉన్నది ఇదేనని నేను గట్టిగా చెప్పగలను. అయితే రెండు సంగతులు మరచిపోకూడదు. అది లాగు, కిల్ట్ కాదు. దొరికిన చోటు స్కాట్లండ్‌కు ఎదురుగా ఉన్న అల్స్టర్ సీమ; ఆ బట్ట సముద్రం ఏ ఒడ్డున నేసినదో నిర్ధారించడం కష్టం.

ప్రాచీన ఐరిష్ టార్టన్ ఉందనేవారు ఇంకో ఆధారం చూపిస్తారు. తీర్నవస్, యోహీ అనే పురాణకాలపు రాజుల హయాంలో బానిసకు ఒక రంగు, సైనికుడికి రెండు, అలా పెరుగుతూ పోయి పండితకవికీ రాజుకూ అన్నింటికన్నా ఎక్కువ రంగులు నిర్ణయించారని పాత చరిత్రపుస్తకాలు చెబుతాయి. ఇది అందమైన కథే, కవిని రాజు పక్కన కూర్చోబెట్టిన సమాజం కథ గనుక నాకు ఇష్టమైనది కూడా. కాని ఆ రాజులు క్రీస్తుకు పూర్వపు ఐతిహ్యాల్లోని వారు. పైగా ఎన్ని రంగులు కట్టవచ్చో చెప్పే నియమం గళ్ళ గురించి ఒక్క మాట కూడా చెప్పదు.

మరి ఐర్లండ్‌లో కిల్ట్ ఎలా వచ్చింది? 19వ శతాబ్దంలో యూజీన్ ఓ కరీ, పి. డబ్ల్యు. జాయిస్ వంటి పండితులు పాత ప్రతులను వెలికితీసి, నశించిపోతున్న ఐరిష్ చరిత్రను నిలబెట్టారు. ఆ ఋణం తీర్చలేనిది. కాని బట్టల విషయంలో వారు ఎగగట్టిన లేన్యనే కిల్ట్‌గా అర్థం చేసుకొన్నారు. 1893లో ఐరిష్ భాషను బతికించడానికి గేలిక్ లీగ్ ఏర్పడింది. 1901లో డబ్లిన్‌లో కెల్టిక్ జాతులన్నింటి మహాసభ జరిగింది. భాష తిరిగి వస్తున్నప్పుడు వేషం కూడా తిరిగి రావాలని చాలామంది కోరుకొన్నారు. ఇంగ్లీషు సూటుకు బదులుగా ఏం వేసుకోవాలి? పాత వేషాన్ని చూపించగల తాతలు లేరు. పండితులు కిల్ట్ అన్నారు, పక్క దేశంలో దానిని కట్టే గేలిక్ సోదరులు కళ్ళెదుట ఉన్నారు. దానితో కిల్ట్ ఎంపికైంది, స్కాట్లండ్ నుంచి వేరని చూపడానికి గళ్ళకు బదులు చట్టం నిషేధించిన ఆ కుంకుమపువ్వు రంగునే దానికి అద్దారు. అంటే రూపం పొరుగువారిది, రంగు సొంత చొక్కాది.

ఈ ఎంపిక తెలియక చేసింది మాత్రమే కాదని చెప్పడానికి జాతీయోద్యమ నాయకుడిగా తరువాత పేరుపొందిన పాట్రిక్ పియర్స్ 1900లో ఒక మిత్రునికి రాసిన ఉత్తరం ఉంది. ఐరిష్ జాతీయ వేషం ఏదని ఆ మిత్రుడు అడిగితే, అప్పటికి ఇంకా ఇరవై ఏళ్ళ యువకుడైన పియర్స్ మ్యూజియంలో భద్రపరచిన పాత బిగుతు లాగులను పరిశీలించాడు. కిల్ట్ అంత ప్రామాణికం కాకపోవచ్చు గాని ఈ లాగుల కన్నా అదే మేలనీ, ఇవి వేసుకొని వేదిక ఎక్కితే పైలాగు మరచిపోయి లోపలి లాగుతో వచ్చారని జనం అనుకొంటారనీ ఆయన జవాబిచ్చాడు. ఈ ఉత్తరం నాకు చాలా విలువైనది. ఆధారం ఏ వైపు ఉందో తెలిసి కూడా, తన కాలపు మనుషులు గౌరవంగా కట్టుకోగల వేషం కావాలని ఆయన కోరుకొన్నాడు. 1908లో ఆయన స్థాపించిన సెయింట్ ఎండాస్ బడిలో పిల్లలు కిల్ట్ కట్టారు. 1909లో కాన్‌స్టన్స్ మార్కివిచ్, బల్మర్ హాబ్సన్ మొదలుపెట్టిన ఫియనా ఏరన్ అనే బాలసేన దుస్తుల్లో కిల్ట్ ఉంది. 1910లో థామస్ ఆష్ అనే బడిపంతులు డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న లస్క్ అనే ఊళ్ళో బ్లాక్ రేవెన్ అనే పైప్ బ్యాండ్‌ను (బ్యాగ్‌పైప్ అనే సంచి వాద్యాన్ని ఊదే బృందాన్ని) స్థాపించి తాను కూడా కిల్ట్ కట్టి వాయించాడు. పియర్స్‌ను 1916లో బ్రిటిష్ పాలనపై జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తరువాత కాల్చి చంపారు. ఆష్ 1917లో జైలులో నిరాహారదీక్షలో ఉండగా బలవంతంగా ఆహారం ఎక్కించడం వల్ల మరణించాడు. ఇంతటి మనుషులు ఇష్టపడి కట్టిన బట్టను నకిలీ అని కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు, అది న్యాయం కూడా కాదు.

పొరపాటును సరిదిద్దినవాడు కూడా ఐర్లండ్‌వాడే. హెచ్. ఎఫ్. మక్లింటాక్ 1940లలో పాత బొమ్మలనూ, గ్రంథాలనూ, పీట్ నేలలో దొరికిన బట్టలనూ ఒకచోట చేర్చి, లేన్య వేరు కిల్ట్ వేరని ఓపికగా నిరూపించాడు. అప్పటికి కిల్ట్ తన చోటు సంపాదించుకొంది. ఐరిష్ సైన్యం పైప్ బ్యాండ్లలోనూ, బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ దళాల పైప్ వాయిద్యకారుల్లోనూ గళ్ళులేని ఆ కిల్ట్‌ను ఇప్పటికీ చూడవచ్చు. రెండు వేర్వేరు దేశాల సైన్యాలు ఒకే వేషాన్ని తమదిగా ఉంచుకోవడం దాని బలానికి గుర్తు. ఐరిష్ నాట్యపోటీల్లో మగపిల్లలు దశాబ్దాల పాటు కిల్ట్‌తోనే ఆడారు, 1994 తరువాత రివర్‌డాన్స్ అనే ఐరిష్ నాట్యప్రదర్శన ప్రభావంతో లాగులకు మారారు. రంగు గురించి ఒక్క మాట చెప్పాలి. కుంకుమపువ్వు రంగు అనగానే మనకు కాషాయం మనసులో మెదులుతుంది గాని, ఈ కిల్ట్‌ల రంగు నూరిన ఆవపిండికి దగ్గరగా, కొన్నిచోట్ల ఇంకా గోధుమవన్నెగా ఉంటుంది. పాతకాలపు లేన్యలన్నింటికీ ఖరీదైన అసలు కుంకుమపువ్వే వాడారా, స్థానికంగా దొరికే పసుపురంగు మొక్కలనూ వాడారా అని పండితులు వాదించుకొంటారు. రంగుల పని చేసినవాడిగా, పేదల చొక్కాలకు మొక్కలే వాడి ఉంటారని నా అభిప్రాయం.

ఇక మీ దుకాణంలోని కౌంటీ టార్టన్. ఐర్లండ్‌లోని 32 కౌంటీలకూ తలా ఒక టార్టన్ చొప్పున 1996లో హౌస్ ఆఫ్ ఎడ్గర్ అనే స్కాట్లండ్ నేత సంస్థ రూపొందించి అమ్మకానికి పెట్టింది. తరువాత ఇతర సంస్థలు తమ సొంత వరుసలను తెచ్చాయి. అందుకే ఒకే కౌంటీ పేరుతో ఒక దుకాణంలో ఒక రకం గళ్ళు, మరో దుకాణంలో ఇంకో రకం గళ్ళు కనిపిస్తాయి. ఇంటిపేర్ల టార్టన్‌లలో కొన్ని కొంత పాతవి. 1880 ప్రాంతంలో పారిస్‌లోని ఒక బట్టల సంస్థ తయారుచేసిన నమూనాల పుస్తకంలోనే కొన్ని ఐరిష్ పేర్లు ఉన్నాయి. కాని అవి కూడా అమ్మకం కోసం పెట్టిన పేర్లే. స్కాట్లండ్‌లో సైతం ఈ కథ మరీ భిన్నం కాదు. బానక్‌బర్న్‌లోని విల్సన్ సంస్థ 1819 నాటి నమూనాల పుస్తకంలో చాలా టార్టన్‌లకు వంశాల పేర్లు కాక అంకెలే ఉన్నాయి, వంశానికొక టార్టన్ అన్నది ఎక్కువగా ఆ శతాబ్దంలో గట్టిపడిన ఆచారం. ఇప్పుడు స్కాట్లండ్ ప్రభుత్వం 2009లో ప్రారంభించిన రిజిస్టరులో ఎవరైనా రుసుము కట్టి కొత్త టార్టన్‌ను నమోదు చేయవచ్చు. నమోదైంది అంటే ప్రాచీనమైందని కాదు, ఆ పోగుల లెక్కను ఒకచోట రాసిపెట్టారని మాత్రమే అర్థం. ఆ దుకాణాల్లోనే పక్క అరలో మీ వంశం అల్లిక అని చెప్పి ఆరన్ దీవుల స్వెట్టర్లు కూడా అమ్ముతారు. ఆ అల్లికలకు వంశాలతో ముడిపెట్టడం కూడా 20వ శతాబ్దపు వ్యాపారమే.

ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఆంట్రిమ్, డౌన్ కౌంటీల్లో టార్టన్ కిల్ట్ కట్టిన పైప్ బ్యాండ్లను చూసి అనుకరణ అనుకోకండి. వారిలో చాలామంది పూర్వులు 17వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవారు, ఆ సంబంధం వారికి నిజమైనది. అయితే వారి పూర్వులు ఎక్కువమంది కిల్ట్ కట్టని స్కాట్లండ్ దక్షిణపు సీమలవారన్నది కూడా నిజమే.

మీ మిత్రుని పెళ్ళికి మీరు కిల్ట్ కట్టుకోవచ్చు, నిస్సంకోచంగా కట్టుకోండి. పెళ్ళివారు పిలిచి కట్టుకోమన్నప్పుడు పరాయివారు కట్టవచ్చా అనే అనుమానం పెట్టుకోనక్కర లేదు. ఎంచుకొనే వీలు మీకే ఉంటే, కౌంటీ గళ్ళు కాక సాదా కుంకుమపువ్వు రంగు కిల్ట్ అడగండి, ఐర్లండ్ గడ్డమీద నిజంగా ఒక చరిత్ర ఉన్నది దానికే. పెళ్ళికొడుకు ఇంటివారు కార్క్ టార్టన్‌నే ఇష్టపడి నిర్ణయించి ఉంటే మీరు కూడా అదే కట్టి వారితో నిలబడండి. దాని వయసు గురించి పెళ్ళి పందిట్లో చర్చ పెట్టకండి. వారు అడిగితే మాత్రం 1990ల నాటిదని నిజం చెప్పండి. కట్టేటప్పుడు కుచ్చిళ్ళు వెనక్కి, చదునైన భాగం ముందుకు రావాలి, అంచు మోకాలి చిప్ప మధ్యకు ఆనాలి. మన పంచె కట్టుకు అలవాటుపడిన చేతులు కుచ్చిళ్ళను ముందుకు తిప్పుతాయి గనుక ఇది ముందే చెబుతున్నాను.

తరువాత ఒక శనివారం వీలు చూసుకొని బెల్‌ఫాస్ట్‌కు రైలెక్కండి. అల్స్టర్ మ్యూజియంలో ప్రవేశానికి రుసుము లేదు. డంగివెన్ బట్టలు ప్రదర్శనలో ఉన్నాయో లేదో బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, పాత ఉన్నికి వెలుతురు పడదు గనుక అప్పుడప్పుడు లోపల దాస్తారు. చూడగలిగితే లాగుల మోకాళ్ళ దగ్గర పడిన మాసికలను దగ్గరగా గమనించండి.